చదివిన బడికి పండుగ పిలుపు

సంక్రాంతికి ఎక్కడెక్కడి వారూ సొంతూరు చేరినట్టే, అమెరికాలో ఏటా ఒక వారాంతంలో పాత విద్యార్థులు తాము చదివిన కళాశాలకు చేరుకుంటారు. దీన్ని అక్కడ 'హోమ్‌కమింగ్' అంటారు. అంటే ఇంటికి రావడం.

మిస్సోరి విశ్వవిద్యాలయంలో ఈ వేడుక 1911లో మొదలయింది. అంతకుముందు కాన్సాస్ జట్టుతో ఫుట్‌బాల్ పోటీ కాన్సాస్ సిటీ నగరంలో జరిగేది. ఆ ఏడు కళాశాల మైదానంలోనే ఆడాలన్న నిబంధన వచ్చింది. చిన్న ఊరయిన కొలంబియాకు జనం వస్తారా? క్రీడల అధికారి చెస్టర్ బ్రూయర్ "ఇంటికి రండి" అని పాత విద్యార్థులకు కబురు పెట్టారు. వేలాదిగా తరలివచ్చారు. ఆట 3-3తో సమంగా ముగిసింది. ఎవరూ గెలవలేదు గాని, ఆనవాయితీ నిలిచింది. ఈ వేడుకకు తామే ఆద్యులమని చెప్పుకునే విశ్వవిద్యాలయాలు మరికొన్ని ఉన్నాయి.

ఊరేగింపు, బ్యాండు మేళం, విద్యార్థుల్లో రాజు, రాణి ఎన్నిక అక్కడి ముచ్చట్లు. అన్నిటికన్నా మెచ్చదగింది రక్తదానం. పండుగ సందర్భంగా విద్యార్థులే శిబిరం నడిపి, వేలమంది చేత రక్తం ఇప్పిస్తారు.

మన ఉన్నత పాఠశాలల్లోనూ పాత విద్యార్థులు కలుసుకుంటున్నారు. గురువులకు శాలువాలు కప్పి, భోజనాలు చేసి, ఫోటోలు దిగి వెళుతున్నారు. ఆ పూటే ఒక రక్తదాన శిబిరం కూడా పెడితే, కాన్పుకు వెళ్లిన ఏ తల్లి ప్రాణమో నిలుస్తుంది.