పాడైన ఫొటోలే చెప్పాలి

కొత్త మోడల్ వచ్చింది. చేతిలో ఉన్న మిర్రర్‌లెస్ కెమెరా ఇంకా బాగానే పనిచేస్తోంది. మార్చాలా, ఉంచుకోవాలా? జవాబు మీ హార్డ్ డిస్క్‌లోనే ఉంది.

పెళ్లిళ్ల సీజన్ దగ్గరపడుతోందంటే ఫొటో స్టూడియోల్లో ఒకటే చర్చ. ఉన్న కెమెరాతోనే ఈ ఏడాదీ నెట్టుకొద్దామా, ఎక్స్ఛేంజ్‌లో ఇచ్చేసి కొత్తది తెచ్చుకుందామా? సెలవు రోజుల్లో కొల్లేటి ఒడ్డున పక్షుల కోసం కాపు కాసే ఉద్యోగినీ ఇదే సందేహం పీడిస్తుంది. ఇదేమీ చిన్న ఖర్చు కాదు. సోనీ ఏ7 ఫోర్ 2022 జనవరిలో మన దేశంలో అమ్మకానికి వచ్చినప్పుడు ఒక్క బాడీ ధరే 2,42,490 రూపాయలు. లెన్స్ ఖర్చు వేరు. చిన్న పట్నంలో స్టూడియో మీద బతికే కుటుంబానికి అంత సొమ్ము మిగలాలంటే ఎన్నో రాత్రులు మండపాల్లో నిలబడాలి. అయినా ఆ డబ్బు తీసేముందు చాలామంది చూసేవి మెగాపిక్సెళ్లు, సెకనుకు ఎన్ని ఫ్రేములు, వీడియోల్లో ఎవరో చేసిన పోలికలు. వాటికంటే ముందు చూడాల్సినవి గత ఏడాది మీరే తీసి, పనికిరావని పక్కన పడేసిన ఫొటోలు. అవి ఎందుకు పాడయ్యాయో తేలితే, కొత్త కెమెరా కావాలో వద్దో కూడా తేలిపోతుంది. కెమెరా మార్పుకు ఇంతకు మించిన సాక్ష్యం మరొకటి లేదని చెప్పడమే ఈ కథనం ఉద్దేశం.

పిక్సెళ్ల లెక్క ఎంతవరకు?

అద్దం తీసేసి, ఎలక్ట్రానిక్ వ్యూఫైండర్ పెట్టి, లెన్స్ మార్చుకునే వీలుతో ప్యానసోనిక్ జీ1 వచ్చింది 2008లో. 2013లో సోనీ ఏ7తో ఫుల్ ఫ్రేమ్ సెన్సర్ కూడా ఈ దారి పట్టింది. 2018లో నికాన్ జడ్6, జడ్7, క్యానన్ ఈఓఎస్ ఆర్ రంగంలోకి దిగాయి. ఆ పదేళ్లలో ఒక మోడల్‌కూ తర్వాతి మోడల్‌కూ తేడా కొట్టొచ్చినట్టు కనిపించేది. ఒక్క బ్యాటరీనే చూడండి. ప్రామాణిక పరీక్షలో ఏ7 టూ ఒక చార్జింగ్‌కు 350 ఫొటోలు తీస్తే, 2018 నాటి ఏ7 త్రీ 710 తీసింది. ముహూర్తం మధ్యలో బ్యాటరీ మార్చే తిప్పలు అనుభవించినవారికి ఆ అంకె విలువ తెలుసు. అప్పట్లో కెమెరా మార్చినవారి లెక్క సరైనదే. 2018 దాటాక కథ మారింది. ఇప్పటి కొత్త మోడళ్లు వేగంలో, వీడియోలో బాగా ముందుకెళ్లాయి. మామూలు ఫొటో నాణ్యత మాత్రం దాదాపు అక్కడే ఉంది.

ఏ7 త్రీలో 24 మెగాపిక్సెళ్లు, 2021లో ప్రకటించిన ఏ7 ఫోర్‌లో 33. వింటే మూడో వంతుకు పైగా పెరిగినట్టుంది. ఫొటో వెడల్పు చూస్తే 6000 పిక్సెళ్ల నుంచి 7008కి, అంటే 17 శాతం పెరిగింది. కంటికి తెలిసే వివరం పెరిగేది ఈ రెండో లెక్కనే. ఇప్పుడు మన పెళ్లి ఆల్బమ్ తెరవండి. పరిస్తే 12 బై 36 అంగుళాల షీటు. ఒక వైపు పేజీ నిండా వధువు ఫొటో ఒక్కటే వేసినా 12 బై 18. అంగుళానికి 300 చుక్కల చొప్పున ముద్రించాలంటే 3600ను 5400తో గుణించాలి. వచ్చేది కోటీ 94 లక్షల పిక్సెళ్లు. 24 మెగాపిక్సెళ్ల కెమెరా 2 కోట్ల 40 లక్షలు ఇస్తోంది. 4కె టీవీ తెర మొత్తం కలిపినా 83 లక్షలే. దూరాన వాలిన పక్షిని కత్తిరించి పెద్దది చేసేవారికి, నగలు, చీరల ప్రకటనలకు ఫొటోలు తీసేవారికి ఎక్కువ పిక్సెళ్లు నిజంగా పనికొస్తాయి. ఆల్బమ్ కోసం, ఫోన్ తెర కోసం తీసేవారికి ఆ అదనం హార్డ్ డిస్కులు నింపడానికే సరిపోతుంది.

అర్ధరాత్రి ముహూర్తం, కిట్ లెన్స్

కెమెరా మార్చాలనే ఆలోచన ఎక్కువగా పుట్టేది చీకట్లో. అర్ధరాత్రి దాటిన ముహూర్తాన్ని తలచుకోండి. అడ్డుతెర దించుతారు. జీలకర్ర బెల్లం పెట్టిన చేతులు ఒకరి తల మీద ఒకరివి ఉంటాయి. ఆ తొలి చూపు రెండు మూడు సెకన్లే. ఫొటోగ్రాఫర్ చేతిలో కిట్ లెన్స్, కాస్త జూమ్ చేయగానే అపర్చర్ ఎఫ్ 5.6కు పడిపోయింది. షట్టర్ సెకనులో 60వ వంతు, ఐఎస్ఓ 6400. చెంప మీద గ్రెయిన్, చేతి కదలికలో మసక. మర్నాడు కంప్యూటర్‌లో చూసి ఈ కెమెరా ఇక పనికిరాదని తేల్చేస్తారు. తప్పు నిజంగా కెమెరాదేనా? ఎఫ్ 5.6 బదులు ఎఫ్ 1.8 లెన్స్ ఉంటే లోపలికి వచ్చే వెలుతురు తొమ్మిది రెట్లకు పైగా పెరుగుతుంది. అదే షట్టర్ వేగంలో ఐఎస్ఓ 640 దరిదాపుల్లో పని జరిగిపోతుంది. అంత తెరిస్తే ఇద్దరి ముఖాల్లో ఒకటి ఫోకస్ తప్పుతుందనే భయం న్యాయమైనదే. ఎఫ్ 2.8 దగ్గర ఆగినా నాలుగు రెట్ల వెలుతురు, ఐఎస్ఓ 1600.

బాడీ మారిస్తే ఇంత లాభం వస్తుందా? తక్కువ వెలుతురులో సెన్సర్ పనితీరుకు డీఎక్స్ఓమార్క్ సంస్థ ఇచ్చిన అంకెలు చూడండి. 2013 నాటి ఏ7కు 2248, ఏ7 త్రీకి 3730, దాని తర్వాతి ఏ7 ఫోర్‌కు 3379. మొదటి రెండింటి మధ్య తేడా కంటికి తెలుస్తుంది. చివరి రెండూ దాదాపు సమానం, కొత్తదే ఒక పిసరు వెనక. దీనికి కారణం కంపెనీల అశ్రద్ధ అనుకోనక్కర్లేదు, వెలుతురు స్వభావమే అది. కాంతి సెన్సర్ మీద చినుకుల్లా పడుతుంది. జల్లు పలచగా ఉన్నప్పుడు పక్కపక్కన పెట్టిన గిన్నెల్లో నీళ్లు సమానంగా పడవు. చీకటి ఫొటోలో కనిపించే గ్రెయిన్ చాలావరకు ఆ హెచ్చుతగ్గులే. రంగుల ఫిల్టర్ దాటి తమను చేరిన వెలుతురులో సగమో, అంతకు మించో నేటి సెన్సర్లు ఇప్పటికే పట్టుకుంటున్నాయి. నూటికి నూరు పాళ్లు పట్టే సెన్సర్ రేపు వచ్చినా లాభం రెట్టింపు దాటదు. ఎఫ్ 2.8 లెన్స్ ఈరోజే నాలుగు రెట్లు ఇస్తోంది. గోడకో, తెల్లని గొడుగుకో కొట్టిన ఒక్క ఫ్లాష్ ఇంకా ఎక్కువ ఇస్తుంది. వెలుతురు చాలక పాడైన ఫొటోకు మందు లెన్స్‌లో, లైటులో ఉంది.

కెమెరాదే తప్పయిన చోట

అయితే పాత కెమెరాను ఎప్పటికీ వదలొద్దని ఎవరైనా అంటే అదీ తప్పే. కొన్ని వైఫల్యాలకు బాడీయే కారణం. అన్నింటికంటే ముందు చెప్పాల్సింది కార్డు స్లాట్. 2018 నాటి ఈఓఎస్ ఆర్, జడ్6, జడ్7 మూడింటిలోనూ ఒకే కార్డు పడుతుంది. ఆ కార్డు పాడైతే తలంబ్రాలు మళ్లీ పోయించలేం, అప్పగింతలు మళ్లీ పెట్టించలేం. 2020లో వచ్చిన క్యానన్ ఆర్6, నికాన్ జడ్6 టూ రెండు కార్డులకు చోటిచ్చాయి. డబ్బు తీసుకుని పెళ్లి తీసేవారికి ఈ ఒక్క కారణం చాలు. ఒంటి కార్డు కెమెరాతో పెళ్లి ఒప్పుకోవడమంటే ఇంకొకరి జ్ఞాపకాలతో జూదమాడటమే. రెండోది ఫోకస్. అటపాక చెరువు మీద రెక్కలు చాచి దిగుతున్న గూడబాతును తీస్తూ ఇరవై ఫ్రేముల్లో మూడే పదునుగా వస్తున్నాయంటే, కన్నును గుర్తుపట్టి వెంటాడే కొత్త ఆటోఫోకస్‌కు పెట్టే డబ్బు వృథా కాదు. మూడోది వీడియో. ఏ7 త్రీలో 4కె సెకనుకు 30 ఫ్రేముల దగ్గరే ఆగిపోతుంది, రంగు 8 బిట్లే. 4కెలో స్లో మోషన్ అడిగేవారికి అది ఇవ్వలేదు.

నాలుగోది సెన్సర్ చదివే వేగం, దీన్ని కాస్త దగ్గరగా చూడాలి. చప్పుడు వినిపించకూడదని ఎలక్ట్రానిక్ షట్టర్ పెట్టినప్పుడు సెన్సర్ ఫొటోను పైనుంచి కిందికి వరుసలుగా చదువుతుంది. 2018 నాటి చాలా కెమెరాలకు అందుకు సెకనులో పదిహేనో వంతో, ఇరవయ్యో వంతో పడుతుంది. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి చాలా దీపాలు సెకనుకు 100 సార్లు మిణుకుమంటాయి. కెమెరా పైనుంచి కిందికి చదివేలోపు దీపం ఐదారుసార్లు వెలిగి తగ్గుతుంది. ఆ వెలుగునీడలే ఫొటో మీద అడ్డచారలవుతాయి. నికాన్ జడ్8, జడ్9 ఆ పనిని 270వ వంతు సెకనులో ముగిస్తాయి. సంగీత సభల్లో, నాటకాల్లో నిశ్శబ్దంగా తీయాల్సినవారికి ఇది గొప్ప వరం. చప్పుడు పర్వాలేదనుకునేవారు మాత్రం మెకానికల్ షట్టర్‌కు మారి, వేగం 100వ వంతు దగ్గర పెట్టి చూడాలి. చాలా చారలు పైసా ఖర్చు లేకుండా పోతాయి. కొత్తదనానికి కొంత మూల్యం ఉంటుందని కూడా గుర్తుంచుకోవాలి. 2024లో వచ్చిన జడ్6 త్రీ సెన్సర్ ముందుదాని కంటే ఎంతో వేగంగా చదువుతుంది. బదులుగా తక్కువ ఐఎస్ఓలో నీడల్లోని వివరం కొద్దిగా తగ్గింది.

‘పార్టీ అడుగుతోంది కదా!’

ఇక్కడ స్టూడియోవాళ్లు ఒక మాట అంటారు: ‘మేం సరిపెట్టుకున్నా పార్టీ ఊరుకోదు. ఏ కెమెరా అని అడిగాకే అడ్వాన్స్ ఇస్తున్నారు.’ ఇందులో నిజముంది. పోటీ ఎక్కువ, పక్క స్టూడియో బోర్డు మీద కొత్త మోడల్ పేరుంటుంది. కానీ కెమెరా పేరు అడిగే పెళ్లివారి మనసులో ఉన్న భయం ‘మా ఫొటోలు బాగా వస్తాయా’ అన్నదే. దానికి నిక్కమైన జవాబు కిందటి సీజన్ ఆల్బమ్. 2023లో విడుదలైన ‘ది క్రియేటర్’ అనే హాలీవుడ్ చిత్రాన్ని సోనీ ఎఫ్ఎక్స్3 అనే చిన్న కెమెరాతో తీశారు. దాని సెన్సర్ 12 మెగాపిక్సెళ్లే. వాళ్లకు మంచి లెన్సులు, లైట్లు, ఆరితేరిన ఛాయాగ్రాహకులు ఉన్నారు కదా అనవచ్చు. ఆ ఫలితం వాటి వల్లే వచ్చింది, మనం డబ్బు పెట్టాల్సిన వరుస కూడా అదే.

‘ఆలస్యమయ్యేకొద్దీ పాత కెమెరా ధర పడిపోతుంది, ఇప్పుడే ఇచ్చేయడం మేలు’ అనేది రెండో మాట. ధర పడేది నిజమే. కానీ కొత్తదాని ధరా పడుతుంది, అదీ పెద్ద మొత్తం మీద. ఇంట్లో ఉన్న కెమెరా నష్టం చాలావరకు ఎప్పుడో జరిగిపోయింది. కొత్తది కొన్న రోజు నుంచి ఆ నష్టం మళ్లీ మొదలవుతుంది. పైగా కొన్నాక మెరుగయ్యే కెమెరాలూ ఉన్నాయి. ఏ7 త్రీకి 2019 ఏప్రిల్‌లో వచ్చిన ఫర్మ్‌వేర్‌తో కన్ను మీద ఫోకస్ పట్టే పద్ధతి బాగా మెరుగుపడింది, జంతువుల కళ్లనూ గుర్తుపట్టడం వచ్చింది. దానికి సోనీ రూపాయి కూడా తీసుకోలేదు. మీ కెమెరాకు చివరి అప్‌డేట్ వేసి ఎన్నాళ్లయింది? షోరూమ్‌కు వెళ్లేముందు ఆ పని చేయాలి. ‘లాభనష్టాలు వద్దు, కొత్త కెమెరా పట్టుకుంటే ఫొటోలు తీయాలనే ఉత్సాహం వస్తుంది’ అనేది మూడో మాట. అభిరుచికి పెట్టే ఖర్చును ఎవరూ తప్పుపట్టనక్కర్లేదు. అప్పు లేకుండా, ఇంటి అవసరాలు ఆగకుండా కొనగలిగితే ఆ ఆనందం వారి హక్కు. ఈఎంఐ మీద కొన్న ఉత్సాహం మాత్రం మూడో వాయిదాకే సన్నగిల్లుతుంది.

ఖాతా పుస్తకం ఏమంటుంది?

వృత్తిగా తీసేవారు ఇంకో లెక్క వేయాలి. ఎక్స్ఛేంజ్ పోను చేతి నుంచి పడేది లక్షా 20 వేలు అనుకుందాం. ఏడాదికి 40 కార్యక్రమాల చొప్పున మూడేళ్లు వాడితే ఒక్కో కార్యక్రమానికి వెయ్యి రూపాయలు. కొత్త కెమెరా వల్ల ఒక్కో పనికి అంతకు మించి వస్తుందా? రెండు కార్డుల భద్రత వల్లో, స్లో మోషన్ వీడియో వల్లో వస్తుందంటే కొనడం వ్యాపారం. ఏడాదికి పదే కార్యక్రమాలైతే ఒక్కోదానికి నాలుగు వేలు పడుతుంది. అప్పుడు అవసరమైన రోజున కెమెరా అద్దెకు తెచ్చుకోవడమే తెలివి. 2019 జనవరి 1 నుంచి డిజిటల్ కెమెరాల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది. జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఉన్న స్టూడియో ఆ పన్నును ఇన్‌పుట్ క్రెడిట్‌గా రాబట్టుకోవచ్చు కాబట్టి బిల్లు లేకుండా కొనడం చేజేతులా నష్టపోవడమే. పెరిగే ఫైళ్లకు తగ్గ కార్డులు, హార్డ్ డిస్కులు, నెమ్మదించే కంప్యూటర్ కూడా ఈ లెక్కలోకి రావాలి. సెకండ్ హ్యాండ్‌లో కొనేవారు షట్టర్ ఎన్నిసార్లు పడిందో అడగాలి. ఏ7 త్రీ షట్టర్‌ను రెండు లక్షల సార్లకు పరీక్షించారు. లక్షా 80 వేలు దాటినదాన్ని కొత్తదానికి దగ్గర ధర పెట్టి తెచ్చుకోవడం తగదు.

కాబట్టి తీర్పు ఇది. 2018 తర్వాతి ఫుల్ ఫ్రేమ్ మిర్రర్‌లెస్, అందులో రెండు కార్డుల స్లాట్లు ఉండి, ప్రధానంగా ఫొటోలే తీసేవారు బాడీ మార్చనక్కర్లేదు. ముందు మంచి లెన్స్, తర్వాత ఫ్లాష్, ఆ తర్వాతే బాడీ. ఒంటి కార్డుతో పెళ్లిళ్లు తీస్తున్నవారు, ఎగిరే పక్షుల వెంట పడేవారు, వీడియోతో సంపాదించేవారు వెనకాడకుండా మార్చుకోవచ్చు. మీరు ఏ కోవకు వస్తారో తేల్చుకోవడానికి ఈ ఆదివారం గంట సమయం చాలు. గత సీజన్‌లో పక్కన పడేసిన ఫొటోల్లోంచి వంద తీయండి. ఒక కాగితం మీద వెలుతురు, చేతి వణుకు, ఫోకస్, వేగం, ఫ్రేమింగ్ అని ఐదు గళ్లు గీసి, ఒక్కో ఫొటోకు ఒక్కో గీత పెట్టండి. ఫోకస్, వేగం గళ్లు నిండితే షోరూమ్‌కు వెళ్లండి. మిగతావి నిండితే, ఆ డబ్బు బ్యాంకులో ఉంచి ఉన్న కెమెరాకు ఒక మంచి లెన్స్ కొనండి.