వల మనది, పళ్లెం పరాయిది
డాలర్లు తెచ్చే స్క్విడ్‌కు ఆయుష్షు ఏడాదే

న్యూఢిల్లీ: ఇండియా గేట్ నుంచి గోల్ డాక్‌ఖానా వరకు సాగే అశోకా రోడ్‌పై ఆంధ్రభవన్ క్యాంటీన్ ముందు మధ్యాహ్నం వేళ క్యూ కనిపించని రోజు అరుదు. పప్పు, సాంబారు, పచ్చళ్లు, పొడులతో వడ్డించే భోజనం కోసం ఉత్తరాది ఉద్యోగులు సైతం అక్కడ బారులు తీరుతారు. మాంసాహారులకు వేపుళ్లు విడిగా దొరుకుతాయి. చేప ఉంటుంది, రొయ్య ఉంటుంది. స్క్విడ్‌ను వెదుక్కుంటూ మాత్రం ఎవరూ అక్కడికి వెళ్లరు. అదే రోడ్డున కొంత దూరం నడిస్తే వచ్చే విండ్సర్ ప్లేస్ పరిసరాల్లో నక్షత్ర హోటళ్లు ఉన్నాయి. ఆ తరగతి హోటళ్ల ఇటాలియన్ వంటకాల జాబితాల్లో ఈ జీవి ‘కలమారి’ అనే పేరుతో దర్శనమిస్తుంది. ఉంగరాల్లా కోసి, పిండిలో ముంచి వేయించిన ఆ ముక్కలను నిమ్మచెక్కతో సహా వడ్డిస్తారు.

తెలుగువారి పళ్లెంలో అంతగా చోటు దక్కని ఈ జీవికి దేశ విదేశీ మారక ద్రవ్యం లెక్కల్లో మాత్రం గౌరవప్రదమైన స్థానమే ఉంది. సముద్ర ఉత్పత్తుల ఎగుమతి అభివృద్ధి సంస్థ (ఎంపెడా) గణాంకాల ప్రకారం 2024-25లో భారత్ 16,98,170 టన్నుల సముద్ర ఉత్పత్తులను ఎగుమతి చేసి 745 కోట్ల డాలర్లు ఆర్జించింది. రూపాయల్లో ఇది 62,408 కోట్లు. ఇందులో మూడింట రెండు వంతులకు పైగా శీతలీకరించిన రొయ్యలదే. ఆ తరువాత స్థానం చేపలది, మూడోది స్క్విడ్‌ది. రొయ్యలలో ఆంధ్రప్రదేశ్‌దే అగ్రస్థానం కాగా, స్క్విడ్‌లో గుజరాత్, కేరళ, మహారాష్ట్ర, కర్ణాటక తీరాలది పైచేయి. విశాఖపట్నం, కాకినాడ ట్రాలర్లు కూడా దీనిని ఒడ్డుకు చేరుస్తున్నాయి.

రొయ్యకూ దీనికీ ఒక ముఖ్యమైన తేడా ఉన్నది. రొయ్యను చెరువులో పెంచవచ్చు. ధర బాగుంటే మరో పది ఎకరాలు తవ్వవచ్చు. స్క్విడ్‌ను వ్యాపార స్థాయిలో పెంచే పద్ధతి మన దేశంలో లేదు. సముద్రం ఎంత ఇస్తే అంతే.

మూడు గుండెలు, నీలి రక్తం

చూపులకు చేపల కుప్పలో చేపలా కనిపించినా స్క్విడ్ చేప కాదు. నత్తలు, ఆల్చిప్పల వంశానికి చెందిన మృదుకాయ జీవి. తల నుంచే కాళ్లు మొలిచినట్లుండే శీర్షపాదుల వర్గంలో ఆక్టోపస్, కటిల్‌ఫిష్ దీని దాయాదులు. నత్తకు బయట ఉండే చిప్ప దీనికి లోపలికి పోయి, పక్షి ఈక ఆకారంలో, గాజులా పారదర్శకమైన పలుచని పట్టీగా మిగిలింది. ఎనిమిది చేతులు, వాటికి తోడు ఎరను మెరుపు వేగంతో పట్టే రెండు పొడవాటి టెంటకిల్స్, చిలుక ముక్కును పోలిన నోరు దీని ఆయుధాలు. గుండెలు మూడు. రెండు గుండెలు మొప్పలకు, మూడోది మిగతా శరీరానికి రక్తాన్ని తోడుతాయి. మన రక్తంలో ఇనుము చేసే పనిని దీని రక్తంలో రాగి చేస్తుంది కనుక ఆ రక్తం నీలి రంగులో ఉంటుంది.

శరీరపు సంచిలోకి నీటిని పీల్చి, గరాటు వంటి గొట్టం గుండా బలంగా చిమ్మడం ద్వారా ఇది ఎదురు దిశలో దూసుకుపోతుంది. జెట్ విమానం సూత్రమే ఇది. శత్రువు వెంటబడితే సిరా వదిలి ఆ మసక చాటున తప్పించుకుంటుంది. చర్మంలోని రంగు సంచులను కండరాలతో సాగదీసి, ముడిచి రెప్పపాటులో రంగు మారుస్తుంది. ఈ చురుకుదనానికి మూలమైన దాని నాడీ తంతువు దాదాపు మిల్లీమీటరు మందం వరకు ఉంటుంది. మనిషి నాడీ తంతువులతో పోలిస్తే ఇది భారీ పరిమాణం. దీనిలో సన్నని విద్యుత్ తీగను చొప్పించి, నాడి సంకేతం ఎలా ప్రయాణిస్తుందో బ్రిటిష్ శాస్త్రజ్ఞులు అలన్ హాడ్జ్‌కిన్, ఆండ్రూ హక్స్‌లీ 1952లో వివరించారు. 1963 నోబెల్ బహుమతిలో వారిద్దరికీ భాగం లభించింది. వైద్య విద్యార్థి నేటికీ చదివే ఆ పాఠానికి ఆధారం స్క్విడ్ అని చాలామందికి తెలియదు.

భారత జలాల్లో ఎక్కువగా దొరికే రకం పూర్తిగా పెరిగితే జానెడు పొడవు ఉంటుంది. దక్షిణ ధ్రువ సముద్రంలోని కొలోసల్ స్క్విడ్ మాత్రం వెన్నెముక లేని జీవులన్నింటిలోకి బరువైనది. 1925లో శాస్త్రలోకం పేరు పెట్టిన ఈ జీవిని దాని సహజ నివాసంలో సజీవంగా చిత్రీకరించడం నూరేళ్ల తరువాత, 2025 మార్చిలో గాని సాధ్యపడలేదు. అదీ ముప్పై సెంటీమీటర్ల పిల్ల.

రెండు నిమిషాల వంట

ఆహారంగా స్క్విడ్‌కు ఉన్న సుగుణాలు తక్కువేమీ కావు. వంద గ్రాముల పచ్చి మాంసంలో సుమారు 15 గ్రాముల మాంసకృత్తులు ఉంటాయి. కొవ్వు రెండు గ్రాములకు లోపే. కొలెస్టరాల్ మాత్రం 230 మిల్లీగ్రాముల ప్రాంతంలో ఉంటుంది కనుక హృద్రోగులు వైద్యుని సలహా తీసుకోవడం మేలు. ముల్లు లేదు. తల పట్టి లాగితే పేగులు, సిరా సంచి దానితోపాటే బయటికి వస్తాయి. లోపలి పట్టీని, పైపొరను తీసివేస్తే తెల్లని గొట్టం మిగులుతుంది.

కిటుకంతా పొయ్యి దగ్గరే ఉంది. బాగా కాగిన పెనం మీద రెండు మూడు నిమిషాలు చాలు. లేకుంటే సన్నని సెగపై ముప్పావుగంటకు తక్కువ కాకుండా ఉడకాలి. ఈ రెంటికీ మధ్యలో దింపితే ముక్క రబ్బరులా సాగుతుంది. ‘ఒకసారి తిన్నాం, నమలలేకపోయాం’ అనేవారి ఫిర్యాదుకు సాధారణంగా కారణం ఇదే. కేరళలో ‘కూంతళ్’ పేరుతో మిరియాలు, కొబ్బరి ముక్కలు వేసి చేసే వేపుడు సామాన్యుల వంటకమే. స్పెయిన్‌లో సిరాతో సహా అన్నం వండుతారు. జపాన్‌లో పచ్చిగా తింటారు, ఎండబెట్టి నిల్వ చేస్తారు. సముద్రానికి వెయ్యి కిలోమీటర్ల దూరంలో ఉన్న ఢిల్లీలో సైతం ఐ.ఎన్.ఎ. మార్కెట్‌లో మంచు మీద పరచిన స్క్విడ్ దొరుకుతుంది.

పారబోసిన సరుకే పసిడి

ఎగుమతి గిరాకీ ఏర్పడక ముందు, అంటే 1970 దశకం తొలినాళ్ల వరకు, రొయ్యల కోసం వేసిన ట్రాల్ వలలో పడిన స్క్విడ్‌కు మన రేవుల్లో పెద్దగా విలువ లేదు. గాలానికి ఎరగా వాడేవారు, లేదా పారబోసేవారు. స్పెయిన్, ఇటలీ కొనుగోలుదారులు రంగప్రవేశం చేశాక పరిస్థితి తారుమారైంది. ఐరోపా నేటికీ ప్రధాన విపణి. ఆసియా దేశాలకూ సరుకు వెళ్తున్నది.

ఐరోపా కొనుగోలుదారు ధర ఇస్తాడు, షరతులూ పెడతాడు. పేగులు తీసిన స్క్విడ్‌లో కిలోకు ఒక మిల్లీగ్రాముకు మించి కాడ్మియం ఉండరాదన్నది వాటిలో ఒకటి. ఈ విషలోహం సహజంగానే జీర్ణగ్రంథిలో పేరుకుంటుంది. పట్టిన తరువాత శుభ్రపరచడంలో ఆలస్యమైతే అక్కడి నుంచి మాంసంలోకి దిగుతుంది. ఆ మీదట కర్మాగారంలో ఎంత కడిగినా ప్రయోజనం ఉండదు. అనగా కంటెయినర్ గతి ఐరోపా రేవులో తేలినా, దానికి బీజం నడిసముద్రంలో పడవ మీద మంచు చాలినంత ఉన్నదా లేదా అన్న చోటనే పడుతున్నది.

అసలు సమస్య వేరే ఉన్నది. మన తీరపు స్క్విడ్ ఆయుర్దాయం అటూ ఇటూగా ఒక సంవత్సరం. నేలకు అంటించి వేళ్ల ఆకారంలోని గుడ్ల తొడుగులు పెట్టడంతో దాని జీవితం దాదాపు ముగుస్తుంది. చేపలకైతే పలు వయసుల తరాలు ఒకేసారి నీటిలో ఉంటాయి, ఒక ఏడాది నష్టాన్ని మరుసటి ఏడాది పూడ్చుకునే అవకాశం ఉంటుంది. స్క్విడ్‌కు అటువంటి నిల్వ లేదు. ఈ సంవత్సరం గుడ్లు పెట్టకముందే ఊడ్చివేస్తే వచ్చే సంవత్సరం వల ఖాళీ. పెరుగుదల వేగంగా ఉండటం దీనికున్న ఒకే ఒక రక్షణ. అందువల్లనే దిగుబడి ఒక ఏడాది పొంగి, మరో ఏడాది కుంగుతూ ఉంటుంది. ప్రపంచ స్థాయిలోనూ ఇదే వరస. ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ లెక్కల ప్రకారం శీర్షపాదుల దిగుబడి 2014లో 49 లక్షల టన్నులకు చేరి, 2018 నాటికి 36 లక్షల టన్నుల స్థాయికి పడిపోయింది.

ఎనిమిది సెంటీమీటర్లకు లోపు స్క్విడ్‌ను పట్టరాదని కేరళ 2015లో నిబంధన విధించింది. కొచ్చిలోని కేంద్ర సముద్ర మత్స్య పరిశోధనా సంస్థ సిఫారసులు దీనికి ఆధారం. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి 61 రోజులు, పశ్చిమ తీరంలో జూన్ 1 నుంచి 61 రోజులు యాంత్రిక పడవల వేటపై నిషేధం ఉన్నది. రాత్రి వేళ దీపానికి ఆకర్షితమయ్యే స్వభావం స్క్విడ్‌కు శాపంగా మారడంతో ఎల్.ఇ.డి. దీపాల వేటను కేంద్రం 2017 నవంబరులోనే నిషేధించింది. 2025 నవంబరులో ప్రత్యేక ఆర్థిక మండలికి జారీ చేసిన నిబంధనల్లోనూ ఆ నిషేధాన్ని చేర్చారు. యాంత్రిక పడవలకు అనుమతి పత్రాన్ని తప్పనిసరి చేశారు. చేపల కనీస పరిమాణాలను నిర్దేశిస్తామని కూడా చెప్పారు.

ఆ మండలికి ఆవల ఎవరి నిబంధనా లేదు. వాయవ్య హిందూ మహాసముద్రంలో స్క్విడ్ వేట నౌకల సంఖ్య ఐదేళ్లలో 830 శాతం పెరిగిందని ప్రపంచ ప్రకృతి నిధి 2020లో వెల్లడించింది. వాటిలో అధికం చైనావి. ఆ ప్రాంతంలో ట్యూనా చేపకు అంతర్జాతీయ సంఘం ఉన్నది గాని స్క్విడ్ దాని పరిధిలోకి రాదు. అరేబియా సముద్రపు లోతట్టు స్క్విడ్ నిల్వలపై మన శాస్త్రజ్ఞులు చాలాకాలంగా నివేదికలు ఇస్తూనే ఉన్నారు. నివేదిక మనకు, నౌక పొరుగువానికి అన్నట్లుంది.

హైదరాబాద్ హౌస్ నుంచి వెరావల్ వరకు

రొయ్య ఒక్కదానిపైనే ఆధారపడటం ఎంత ప్రమాదమో 2025 ఆగస్టులో తేటతెల్లమైంది. అమెరికా భారత సరుకుపై సుంకాన్ని 50 శాతానికి పెంచడంతో భీమవరం, నెల్లూరు ప్రాంతాల రైతులు కలవరపడ్డారు. ఇతర విపణులు, ఇతర ఉత్పత్తుల మాట అప్పుడు గట్టిగా వినిపించింది. అశోకా రోడ్‌పై ఆంధ్రభవన్ పక్కనే ఉన్న హైదరాబాద్ హౌస్ ఒకనాడు ఏడో నిజాం కోసం లుట్యెన్స్ నిర్మించిన భవంతి, నేడు విదేశీ అతిథులతో చర్చల వేదిక. ఐరోపా సమాఖ్య నేతల ఢిల్లీ పర్యటన సందర్భంగా 2026 జనవరి 27న స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందంపై సంప్రదింపులు ముగిసినట్లు ఇరుపక్షాలు ప్రకటించాయి. సముద్ర ఉత్పత్తులపై సుంకాల తగ్గింపు అందులోని అంశాలలో ఒకటి. సంతకాలు, చట్టసభల ఆమోదం ఆ తరువాతి మాట అని అప్పుడే స్పష్టం చేశారు. సుంకం తగ్గినంత మాత్రాన ఏడాది ఆయుష్షున్న జీవి రెట్టింపు కాదన్న సంగతి సుంకాల చర్చల్లో సాధారణంగా ప్రస్తావనకు రాదు.

ఈ వ్యాపారంలో తెలుగువారి పాత్ర ఎగుమతిదారుల పట్టికలో కన్నా పడవ పైన ఎక్కువగా కనిపిస్తుంది. స్క్విడ్, కటిల్‌ఫిష్ ఎగుమతులకు పేరుపొందిన గుజరాత్‌లోని వెరావల్ రేవులో ట్రాలర్లపై పనిచేసే కూలీలలో శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల మత్స్యకారులు గణనీయంగా ఉన్నారు. సొంత ఊళ్ల వద్ద పెద్ద పడవ నిలిపే రేవు లేకపోవడం ఈ వలసకు ఒక కారణం. వలకు ఏది పడితే దానికి ధర కట్టేది యజమాని. వీరికి దక్కేది సీజను జీతం.

2018 నవంబరులో వెరావల్ నుంచి వేటకు వెళ్లిన పడవలు సరిహద్దు జలాలు దాటాయంటూ పాకిస్తాన్ గస్తీ దళం పట్టుకున్నది. నీటి మీద గీత కనిపించదు. అందులోని తెలుగువారు కరాచీ జైలులో పద్నాలుగు నెలలు గడిపారు. కుటుంబాల వారు ఢిల్లీ వరకు మొర పెట్టుకున్న మీదట 20 మందిని 2020 జనవరి 6న వాఘా వద్ద భారత్‌కు అప్పగించారు. నాటి రాష్ట్ర మత్స్యశాఖ మంత్రి మోపిదేవి వెంకటరమణ అక్కడ వారికి స్వాగతం పలికారు. ఈ ఉదంతం ఆధారంగా 2025లో ‘తండేల్’ అనే చలనచిత్రం వచ్చింది. పడవ నాయకుణ్ణి తండేల్ అంటారు.

బుడగట్లపాలెం వద్ద ఫిషింగ్ హార్బర్ నిర్మించాలని రాష్ట్ర ప్రభుత్వం ఆ తరువాత నిర్ణయించింది. పశ్చిమ తీరంలో వేట నిషేధం తొలగే సమయానికి, ఆగస్టు నెలలో, శ్రీకాకుళం తీర గ్రామాల నుంచి గుజరాత్ వెళ్లే రైళ్లలో మత్స్యకారుల మూటలు ఇప్పటికీ కనిపిస్తూనే ఉన్నాయి.