తంజావూరు: తెలుగు యాత్రికుడు చూడదగిన తావులు

తంజావూరునకు పోవు తెలుగువారిలో పెక్కుమంది పెద్దకోవెలను దర్శించి, దాని విమానపు నీడ నేలపై పడదను మాట విని, ఆ సాయంకాలమే కుంభకోణమునకో శ్రీరంగమునకో సాగిపోవుదురు. నీడ పడని మాట వట్టిది; ఉదయముగాని సాయంకాలముగాని ఆవరణలో నిలిచి చూచినచో ఎవరికైనను అది కనబడును. వినవలసిన మాటలు వేరే కలవు. 1532 ప్రాంతము మొదలు 1673 వరకు తెలుగు నాయకరాజులు ఏలిన నగరమిది. వారి వెనుక వచ్చిన మరాఠా ప్రభువులు సైతము తెలుగున గ్రంథములు వ్రాయించిరి. కొందరు తామే వ్రాసిరి. అట్టి యూరు ఒక్క పూటలో తెమలునది కాదు. చుట్టుపట్ల గ్రామములతో కలిపి కనీసము మూడు దినములైన ఉండవలెను.

మొదట బృహదీశ్వరాలయము. దీనిని మొదటి రాజరాజచోళుడు నిర్మించెను. 1010వ సంవత్సరమున విమానశిఖరమునకు కలశము నెత్తించెను. విమానపు టెత్తు సుమారు 216 అడుగులు. ఈ రాజరాజుని కుమార్తె కుందవ్వను వేంగీ చాళుక్యుడైన విమలాదిత్యుడు పెండ్లాడెను. వారి కుమారుడే రాజరాజనరేంద్రుడు. నన్నయభట్టుచే భారతమును తెనిగింపజేసిన రాజమహేంద్రవరపు రాజు. అనగా ఈ కోవెల కట్టించినవాని దౌహిత్రుడే తెలుగు భారతమునకు ఆద్యుడైన పోషకుడన్నమాట. ఆవరణలోని సుబ్రహ్మణ్యస్వామి గుడి నాయకరాజుల నాటిది; దాని స్తంభములయందలి సన్నని చెక్కడమును తీరికగా చూడవలెను. ఏకశిలా నందియు నాయకుల కాలపుదేయని పండితుల అభిప్రాయము. గర్భగృహము చుట్టునున్న లోపలి మార్గమున నాయకుల నాటి చిత్రముల పొర క్రింద చోళుల నాటి చిత్రములున్న సంగతి 1931లో బయటపడినది. కాని ఆ మార్గమున సామాన్య యాత్రికులకు ప్రవేశము లేదు. నైరృతి దిక్కున గోడపై భోసలేవంశ చరిత్రమును తెలుపు దీర్ఘమైన మరాఠీ శాసనము కలదు. అది 1803 నాటిది. మధ్యాహ్నము గుడి మూయుదురు. రాతిపరపు కాళ్లు కాల్చును. కనుక తెల్లవారుజాముననే పోవుట యుక్తము.

రాజభవనము నాయకులు కట్టగా మరాఠాలు పెంచినది. దర్బారుశాల, సంగీతమహలు, ఎత్తైన బురుజులు చూడదగినవి. 1951లో నెలకొల్పిన కళాశాలయందు చోళుల కాలపు కంచువిగ్రహములు కలవు. వానికే ఒక పూట పట్టును. అయితే తెలుగువారికి ఈ భవనము గోడలకన్న ఇక్కడ కొలువుదీరిన కవులవలన ముఖ్యము. రఘునాథనాయకుడు (1600–1634) తానే కవి, గాయకుడు. చేమకూర వేంకటకవి విజయవిలాసమును అంకితమిచ్చినది ఈయనకే. రామభద్రాంబ, మధురవాణి మొదలైన విదుషీమణులు ఈయన యాస్థానమున వెలసిరి. కుమారుడు విజయరాఘవుని కాలమున యక్షగానము రాజసభలో ఆడదగిన నాటకమాయెను. రంగాజమ్మ మన్నారుదాసవిలాసము ఆ కాలపుదే. 1673లో మధుర చొక్కనాథనాయకుని సేనతో పోరి విజయరాఘవుడు మరణించుటతో ఆ కొలువు ముగిసెను. జయించినవారును తెలుగు నాయకులే యనుట ఈ కథలోని విషాదము.

భవనప్రాంగణమునందే సరస్వతీమహలు గ్రంథాలయము కలదు. నాయకులు కూర్పనారంభించిన ఈ భాండారమును రెండవ శరభోజి (1798–1832) ఎంతయో పెంచెను. కాశీయాత్రనుండి సైతము గ్రంథములు తెప్పించెను. 1918లో ఇది ప్రజల పరమైనది. వ్రాతప్రతులలో సంస్కృతమున కున్నవే అధికము. తెలుగువి వందలకొలది కలవు. శాహజీ మహారాజు (1684–1712) రచించిన పల్లకీ సేవాప్రబంధము మొదలగు యక్షగానములును, ప్రతాపసింహుని కాలపు ముద్దుపళని రాధికాసాంత్వనమును ఈ నగరమున పుట్టినవే. యాత్రికులు ప్రదర్శనశాలను మాత్రమే చూచెదరు; తాళపత్రములను పరిశీలించుటకు ముందుగా అనుమతి పొందవలెను. గ్రంథాలయమువారి ప్రచురణలు అచటనే అమ్మకమునకు దొరకును. తమిళదేశమున స్థిరపడిన కుటుంబములు పెక్కింటిలో పిల్లలు ఇంట తెలుగు మాటలాడుదురే గాని అక్షరము లెరుగరు. అట్టి పిల్లలు అద్దములవెనుక తాటాకుపై తాతల లిపిని చూచి అది ఏ భాషయని యడుగుట కలదు. ఆ ప్రశ్నకు సమాధానము చెప్పగల పెద్దవారు వెంట నుండుట మంచిది.

పడమటి రాజవీథిని బంగారు కామాక్షి యాలయము కలదు. కాంచీపురమునుండి తరలివచ్చిన ఆ దేవికి అర్చకులైన వంశమునందే శ్యామశాస్త్రి (1762–1827) జన్మించెను. ఆయన కృతులలో పెక్కులు తెలుగున నున్నవి. గుడి చిన్నది, పెద్దకోవెల రద్దీ అచట నుండదు. ఆ వీథులయందే బంగారురేకుల చిత్రములు వ్రాయువారి దుకాణములు కలవు. చెక్కపై గుడ్డ నతికి, సుద్దపూతతో ఉబ్బెత్తుగా దిద్ది, రాళ్లు పొదిగి, బంగారురేకు తాపడము చేయుదురు. ఈ పనిలో ప్రసిద్ధులైన రాజులు తెలుగుదేశమునుండి వచ్చి తమిళదేశమున నిలిచినవారు. పనసకఱ్ఱతో వీణలు చేయు పనివారును ఇచట కలరు. 24 మెట్లు స్థిరముగా నమర్చిన నేటి వీణ రఘునాథుని నాటినుండి వచ్చినదని సంప్రదాయము. బేరమాడుటకన్న పని జరుగుచుండగా చూచుట ఎక్కువ లాభము.

తంజావూరునకు పండ్రెండు పదుమూడు కిలోమీటర్ల దూరమున కావేరి యొడ్డున తిరువైయారు కలదు. త్యాగరాజస్వామి (1767–1847) జీవితములో చాలభాగము గడపి సిద్ధిపొందిన చోటు. పుష్యబహుళ పంచమినాడు విద్వాంసులందరు కూడి పంచరత్నకీర్తనలను ఏకకంఠముగ పాడుదురు. ఐదింటిలో నాలుగు తెలుగువి, మొదటిది సంస్కృతము. ఆనాడు సమాధి దరికి చేరుట కష్టము. సాహిత్యము చేతబట్టుకొని వినగోరువారు మరియొక దినమున పోవుట మేలు. ఈ సమాధికి గుడి కట్టించినది బెంగుళూరు నాగరత్నమ్మ. 1910లో రాధికాసాంత్వనమును సంపూర్ణముగ ప్రకటించి, దొరతనమువారి నిషేధమునకు గురియైనదియు ఈమెయే. 1952లో ఆమె గతించినది. ఆమె సమాధియు అచటనే యున్నది. యాత్రికులు దానిని చూడకయే మరలుచుందురు.

మెలట్టూరు తంజావూరునకు ఇంచుమించు పదునెనిమిది కిలోమీటర్లు. అచ్యుతప్పనాయకుడు బ్రాహ్మణ కుటుంబములకు దానమిచ్చినందున అచ్యుతపురమని పేరువచ్చినదని స్థలకథ. ఇచట నృసింహజయంతికి భాగవతమేళ నాటకము లాడుదురు. స్త్రీవేషములును పురుషులే ధరింతురు. మెలట్టూరు వేంకటరామశాస్త్రి రచించిన ప్రహ్లాదచరిత్రము మొదలగునవి నేటికిని తెలుగుననే సాగును. కాని చూచువారిలో అధికులకు తమిళమే యింటిమాట. పాత్రధారులు పలువురు పాటలను వినికిడిచే నేర్చినవారు. అర్థము తెలియు శ్రోత యొకడు ముందు వరుసలో కూర్చున్నచో ఆడువారికి ఉత్సాహము కలుగక మానదు. నరసింహుని ముఖమును పూజించి, ఉపవాసముండి ధరింతురు. వైశాఖమాసము గనుక ఎండ మెండు. ఆట రాత్రి ప్రొద్దుపోయి మొదలై తెల్లవారు దాకను సాగును. బస్సులను నమ్ముకొనక, తంజావూరునందే వాహనము మాట్లాడుకొని, వెంట చాపయు మంచినీళ్లును కొనిపోవలెను.