బుడ్డలోని విషము, విత్తనముపై హక్కు

2025వ సంవత్సరము మే 4వ తేదీన కేంద్ర వ్యవసాయమంత్రి శివరాజ్ సింగ్ చౌహాన్ గారు జన్యువులను సవరించి సృష్టించిన రెండు వరివంగడములను దేశమునకు ప్రకటించిరి. ఆ రెంటికిని పుట్టినిల్లు తెలుగునాడే. బాపట్లలో పుట్టిన సాంబమసూరినుండి రాజేంద్రనగరములోని వరి పరిశోధనసంస్థవారు తీసినది ‘కమల’. మారుటేరు 1010 నుండి ఢిల్లీ శాస్త్రజ్ఞులు తీసినది రెండవది. నాటినుండి వాదము చెలరేగినది. ఒక పక్షమువారికి ఇది అన్నపూర్ణాప్రసాదము; వేరొక పక్షమువారికి హాలాహలము. చెన్నేకొత్తపల్లి ప్రాంతపు మెట్టరైతు దీనిని విని, “వరి పండించువారి గొడవ మనకేల?” అని ఊరకుండినచో మేము తప్పుపట్టజాలము. కాని ఈ వాదము అతని కళ్లమునకును వచ్చియున్నది. అది వేరుశనగ రూపమున వచ్చినది.

ధర్మవరము, పెనుకొండ, హిందూపురము సీమలలో ఏటి వాన అంతయు కూడి సుమారు 550 మిల్లీమీటర్లు. తొలకరికి విత్తిన బుడ్డలు ఊడలు దిగి కాయ ఊరు వేళకు, అనగా సరిగా నీరు కావలసినప్పుడే, వాన మొగము చాటువేయుట ఇక్కడి రైతులకు వాడుకయైన దురదృష్టము. నేల కాగును. కాయ నెఱియ విచ్చును. అప్పుడు మట్టిలోనున్న ఆస్పర్‌జిల్లస్ ఫ్లేవస్ అను బూజు గింజలోనికి చొరబడి అఫ్లాటాక్సిన్ అను విషమును పుట్టించును. అది కాలేయమును చెఱుచును. దీర్ఘకాలము తినినవారికి కాలేయపు పుట్టకురుపును కలిగింపగలది. 1960లో ఇంగ్లండులో లక్షకు మించిన టర్కీకోళ్లు ఉన్నట్లుండి చచ్చిపోగా, బ్రెజిలునుండి వచ్చిన వేరుశనగపిండి మేతయే కారణమని తేలిన పిదపగాని లోకమునకు ఈ విషము తెలియలేదు. నేడు ఐరోపావారు తినుబండారపు వేరుశనగలో నూరుకోట్ల పాళ్లకు 4 పాళ్లకంటె ఎక్కువ అఫ్లాటాక్సిన్ ఉండరాదని శాసించియున్నారు. పైదేశములకు పనికిరానిదని ఏరివేయబడిన ముడుతగింజ ఎక్కడికి పోవును? అది నూనెమిల్లునకో, పేదవాని చట్నీలోనికో పోవును. తెలికపిండియై పశువు కడుపున పడినచో పాలలోనికిని దిగును.

కాబట్టి ప్రకృతిసిద్ధమైనదెల్ల అమృతమనియు, ప్రయోగశాలలో పుట్టినదెల్ల విషమనియు నమ్మువారు ఒక్క క్షణము నిలిచి ఆలోచింపవలెను. పటాన్‌చెరువులోని ఇక్రిశాట్ సంస్థవారు, ఇతరదేశముల శాస్త్రజ్ఞులతో కూడి, ఈ బూజును తట్టుకొను వేరుశనగను జన్యుమార్పిడిచేత సిద్ధపరచినట్లు 2017లో ప్రకటించిరి. లూసర్న్ పశుగ్రాసపు జాతి మొక్కల రక్షకజన్యువులను గింజలో చేర్చి బూజును అణచుట ఒక విధము. బూజు విషమును వండుకొను శక్తినే నోరుమూయించుట రెండవ విధము. ఇది సామాన్యమైన విద్య కాదు. ఇట్టి గింజను పేరు వినగానే తగులబెట్టుడని కేకలు వేయువారితో మేము కూడజాలము. దానిని తినువారికి వేరొక కీడు లేదని నిష్పాక్షికముగా పరీక్షించి, ఆ ఫలితములను తెలుగులో ప్రజల ముందుంచవలెనని మాత్రము కోరుచున్నాము.

మా భయము వేరొకచోట ఉన్నది. అది ప్రత్తి నేర్పిన భయము. 2002 మార్చిలో బీటీ ప్రత్తికి అనుమతి లభించినది. పచ్చపురుగునకు మందు కొట్టు బాధ కొన్నేండ్లు తగ్గిన మాట నిజము. అయితే ఆ జన్యువును ఈ దేశమున సంకరవిత్తనములలోనే అమ్మిరి. సంకరవిత్తనము మరుసటి ఏట విత్తిన గుణము నిలువదు. ఏటేట కొనక తప్పదు. 450 గ్రాముల పొట్లము వెల 1600 రూపాయలు దాటినది. అందులో పెద్దభాగము జన్యువుపై కంపెనీవారి రుసుమే. 2006లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము గుత్తవ్యాపార నిరోధక కమిషనునొద్ద ఫిర్యాదు చేసి పోరాడినమీదట వెల 750కి దిగినది. ఇంతలో గులాబీరంగు పురుగు ఆ విషమునకు అలవాటుపడి, 2017లో తెలంగాణ, మహారాష్ట్రముల చేలలో కాయలను లోలోపలనే తొలిచివేసినది. పురుగుకు జంకని రోజున కూడ రైతు అదే సంచికి డబ్బు చెల్లించుచుండెను.

వేరుశనగ అట్టిది కాదు. తన పుప్పొడితో తానే ఫలించును గనుక దాచుకొనిన గింజ ఏండ్లతరబడి అదే గుణముతో మొలచును. 2001నాటి వంగడముల రక్షణ, రైతుహక్కుల చట్టము రైతు తన విత్తనమును దాచుకొనుటకును, ఇచ్చిపుచ్చుకొనుటకును, పేరుముద్ర లేకుండ అమ్ముకొనుటకును హక్కు నిచ్చినది. 2019లో ఒక రకపు బంగాళదుంప పండించినారని గుజరాతు రైతులపై పెప్సీకో కంపెనీ కోర్టుకెక్కి, దేశమంతట గగ్గోలు పుట్టగా ఆ మే నెలలో దావాలను ఉపసంహరించుకొనినది. చట్టమున్నంత మాత్రమున రైతు కోర్టు మెట్లు ఎక్కకుండ పోడని దీనివలన తెలియుచున్నది.

నిజము చెప్పవలెనన్న, మన రైతు ఈ హక్కును ఎంతవరకు నిలుపుకొనినాడు? కరవువచ్చిన ఏడు విత్తనపు మూటయే ముందుగా అమ్ముడుపోవును. జూను వచ్చుసరికి సబ్సిడీ విత్తనమునకై మండలకేంద్రమున ఎండలో బారులుతీరి నిలుచుటను ఈ సీమవారు ఎన్ని ఏండ్లు చూడలేదు! గాదె ఖాళీయైన యింట హక్కుపత్రము ఉండి ప్రయోజనమేమి?

ఇందుకు వేరొక త్రోవ చెన్నేకొత్తపల్లిలోనే కలదు. 1990లో సి. కె. గంగూలీ, మేరీ వట్టమట్టం గార్లు మఱికొందరితో కూడి ఒక బంజరున స్థాపించిన టింబక్టు కలెక్టివ్‌వారు కొర్ర, సామ, అరికె, రాగులను మరల చేలకు తెచ్చిరి. 2008లో పుట్టిన ధరణి సహకారసంఘము రసాయనములు లేని ఆ పంటను కొని, శుభ్రపరచి, అమ్ముచున్నది. రైతులే ఒకరి చేనిని మరొకరు తనిఖీచేసి సాక్ష్యమిచ్చు పద్ధతి అచ్చట కలదు. ఇది మాకు మిక్కిలి నచ్చినది. అయినను ఒక మాట: బూజు వచ్చునప్పుడు, ఈ చేనిలో ఎరువు వేసినారా, పేడ వేసినారా అని అడుగదు. గానుగనూనె స్వచ్ఛమని గొప్పగా కొనువారు, బూజుగింజ ఆడించిన గానుగలో విషము కొంత నూనెలోనికి వచ్చుననియు, శుద్ధిచేసిన నూనెలో అది చాలవరకు పోవుననియు తెలిసికొనవలెను. మఱి ఆ శుద్ధిచేసిన డబ్బాలలో అర్జెంటీనా, బ్రెజిలుల జన్యుమార్పిడి సోయానుండి తీసినది ఎంతయో గృహిణికి చెప్పువారు లేరు. తెలిపి అమ్మవలెనని మా కోరిక.

జన్యుమార్పిడి వేరుశనగ వచ్చునో రాదో, వచ్చిన ఎవరి పేర వచ్చునో ఇంకను తేలలేదు. పటాన్‌చెరువునుండి గాని కదిరి పరిశోధనకేంద్రమునుండి గాని రైతు దాచుకొనదగిన ప్రజావిత్తనముగా వచ్చినచో స్వాగతింతుము; కంపెనీముద్రతో ఏటేట కొనవలసినదిగా వచ్చినచో ఎదిరింతుము. ఈలోపల చేయదగిన పని తెలియనిది కాదు. పీకిన చెట్లను కాయలు పైకి ఎండతగులునట్లు తలక్రిందుగా పరచి, గింజలో తేమ నూటికి 8 పాళ్లకు దిగువగునంతవరకు ఆరబెట్టి, పగిలినదానిని, బూజు పట్టినదానిని ఏరివేసినచో విషము చాలవరకు తగ్గును. ఇది రైతులకు తెలియును, వ్యాపారులకును తెలియును. కాని సంతలో కాటా తూచునది బరువును, దిగుబడి గింజను మాత్రమే. విషమును తూచు కాటా అచ్చట లేదు. బాగుగా ఆరబెట్టినవాడు మూటకు కొన్ని శేర్లు పోగొట్టుకొని యింటికి వచ్చుచున్నాడు. పచ్చికాయ పోసినవాడు నిండుడబ్బుతో వచ్చుచున్నాడు.