చెత్తబుట్టలో ఇన్సులిన్ సూది: అపోహలు – వాస్తవాలు

షుగరుకు ఇన్సులిన్ తీసుకునేవాళ్లు ఇంట్లోనే సూది వేసుకుంటారు. వాడిన సూదిని క్యారీబ్యాగులో చుట్టి చెత్తబండిలో వేసేస్తారు. ఆ సంచీని విప్పి ఏరేది ఒక మనిషి చెయ్యి. చాలాసార్లు ఆ చేతికి గ్లవుజు కూడా ఉండదు.

అపోహ: మూత పెట్టేశాం, ఇంక ఎవరికీ గుచ్చుకోదు.
వాస్తవం: బండిలో చెత్తను తొక్కి అణిచేటప్పుడు ఆ చిన్న మూత ఊడిపోవచ్చు. పైగా మూత బిగించబోతుండగానే సూది వేలికి దిగే ప్రమాదం ఉంది.

అపోహ: నాకున్నది షుగరే కదా, అది అంటురోగం కాదు.
వాస్తవం: హెపటైటిస్-బి, సి ఏళ్ల తరబడి పైకి కనిపించకుండా ఒంట్లో ఉండొచ్చు. బి వైరస్ ఎండిన రక్తంలోనూ కనీసం 7 రోజులు బతుకుతుంది. వైరస్ ఉన్న రక్తం అంటిన సూది గుచ్చుకుంటే, టీకా వేసుకోనివారికి అది సోకే అవకాశం 6 నుంచి 30 శాతం. హెచ్‌ఐవీకైతే 0.3 శాతమే. కానీ గుచ్చుకున్న కార్మికుడికి అది ఎవరి సూదో తెలియదు. పరీక్షల ఫలితం తేలేదాకా ఆ ఇంటిల్లిపాదికీ నిద్ర ఉండదు. మనం కాస్త జాగ్రత్తపడితే తప్పే బాధ ఇది.

అపోహ: ఖాళీ నీళ్ల సీసాలో వేస్తే చాలు.
వాస్తవం: సూది ఆ పలచటి ప్లాస్టిక్‌ను చీల్చుకుని బయటికొస్తుంది. ఫినాయిలు, బట్టల లిక్విడ్ వచ్చే మందపాటి డబ్బా, మరమూత ఉన్నది తీసుకోండి. వాడిన వెంటనే సూదిని అందులో వేయండి. గ్లూకోమీటరు లాన్సెట్లు, పగిలిన మందు ఆంప్యూళ్లూ అందులోకే. ముప్పావు వంతు నిండగానే మూత బిగించి, టేపు చుట్టి, ‘వాడిన సూదులు’ అని పెద్ద అక్షరాలతో రాయండి. తడి, పొడి చెత్తల్లో కలపకుండా బండివాళ్లకు చెప్పి విడిగా ఇవ్వండి. 2016 నాటి ఘన వ్యర్థాల నియమాలే సూదులను ఇంటి ప్రమాదకర వ్యర్థాల్లో చేర్చాయి. మీ ఊళ్లో వాటిని ఎక్కడ తీసుకుంటారో మున్సిపాలిటీలో అడగండి.

కాల్చడం, పాతిపెట్టడం, టాయిలెట్‌లో వేయడం పరిష్కారాలు కావు. ఉక్కు బూడిద కాదు. కాలువలో పడిన సూది పూడిక తీసేవాళ్లకు గుచ్చుకుంటుంది.

అపోహ: గుచ్చుకుంటే రక్తం పిండేయాలి, నోటితో పీల్చేయాలి.
వాస్తవం: రెండూ వద్దు. ధారగా పడే నీటి కింద సబ్బుతో కడిగి, వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. హెచ్‌ఐవీ రాకుండా ఇచ్చే మందులు 72 గంటల లోపే మొదలుపెట్టాలి, ఎంత ముందైతే అంత మేలు. హెపటైటిస్-బికి టీకా ఉంది. ఈ సంగతి మీ వీధికి వచ్చే చెత్తబండివాళ్లకు కూడా చెప్పండి.