కోఠి రెసిడెన్సీ: రాయి అనుకున్నారా? ఇటుక!

దిల్‌సుఖ్‌నగర్‌లో మెట్రో ఎక్కితే ఐదో స్టేషన్ ఉస్మానియా మెడికల్ కాలేజ్. అక్కడ దిగి నడిస్తే కోఠి ఉమెన్స్ కాలేజ్. బీటెక్‌లో సెకండ్ హ్యాండ్ బుక్స్ కోసం ఆ గోడ పక్కనుంచి ఎన్నిసార్లు పోయినానో. లోపల ఏముందో మాత్రం తెల్వదు.

లోపల ఉన్నది బ్రిటిష్ రెసిడెన్సీ. నిజాం దర్బారులో ఈస్టిండియా కంపెనీ ప్రతినిధి జేమ్స్ అకిలీస్ కిర్క్‌పాట్రిక్ 1803లో మొదలుపెట్టించాడు. డిజైన్ మద్రాస్ ఇంజినీర్స్‌కి చెందిన శామ్యూల్ రస్సెల్‌ది. ఖర్చు నిజాంది! స్టైల్ పల్లాడియన్, అంటే అప్పట్లో ఇంగ్లండ్ జమీందార్లు మోజుపడి కట్టుకున్న టైపు. ముందు త్రికోణం, దాని కింద ఆరు కొరింథియన్ స్తంభాలు, అటూ ఇటూ ఒకేలా. వైట్‌హౌస్‌ది కూడా ఇదే ఫ్యామిలీ, అందుకే ఫొటో చూడగానే అదే గుర్తొస్తది.

ఆ స్తంభాలు చూస్తే రాయే అనుకుంటాం. కాదు, ఇటుక. పైన సున్నం పూత. డిజైన్ ఇంగ్లీషోళ్లదే, పనితనం మాత్రం ఇక్కడిది. సున్నపురాయిని కాల్చి, నీళ్లలో నానబెట్టి, ఇసుకతో గానుగలో రుబ్బితే డంగుసున్నం. గోడకి పట్టించాక అది గాల్లోని కార్బన్ డయాక్సైడ్‌ని పీల్చుకుంటూ మళ్లీ సున్నపురాయిగా మారుతది. మెల్లగా, ఏళ్ల తరబడి. సన్నటి సున్నంతో చివరి పూత వేసి రుద్ది రుద్ది నునుపు చేస్తే పాలరాయిలా మెరుస్తది.

ఇప్పుడు అసలు పాయింట్. సున్నం గోడలో సన్నటి రంధ్రాలుంటయి. వానకి తడిసినా, నేలలోంచి చెమ్మ ఎక్కినా, ఆ తడి బయటికి పోతది. సిమెంట్ పూస్తే దారి మూసుకుపోయినట్టే. నీళ్లు ఇటుకలోనే ఉండిపోతయి, వాటితో వచ్చిన ఉప్పు లోపలే గడ్డకట్టి ఇటుకని పొడి చేస్తది.

ఇది నేను పుస్తకంలో చదివి చెప్తలేను. నల్గొండ సైడు మా తాత ఇల్లు డంగుసున్నందే. గోడకి చెమ్మ వస్తుందంటే "సిమెంట్ కొట్టిద్దాం నాన్నా, పక్కాగా ఉంటది" అన్నది నేనే. ఇంజినీర్ని కదా! కొన్ని వానాకాలాలకే పెచ్చులు ఊడినయి. లోపల ఇటుక చేత్తో గీకితే రాలుతుంది. తాత ఏమనలేదు, రాలిన పొడి ఊడ్చిండు, అంతే.

రెసిడెన్సీ కూడా శిథిలమైపోతుంటే 2002లో వరల్డ్ మాన్యుమెంట్స్ ఫండ్ తన వాచ్ లిస్టులో పెట్టింది. చాలా ఏళ్ల రిపేర్ తర్వాత 2023లో తెరిచారు. ఆ పని సున్నంతోనే చేశారు.

మాకూ ఒక ముసలి మేస్త్రీ దొరికారు. ముందు సిమెంట్ మొత్తం తీయాలంట, గోడ ఒక ఎండాకాలం ఆరాలంట, ఆ తర్వాతే సున్నం పెడతారంట. మార్చిలో మొదలుపెడుతున్నాం.