రూపాయి వెల

చిత్తూరు జిల్లాలో తోతాపురి మామిడిని గుజ్జు చేసి విదేశములకు పంపుదురు. దాని వెల డాలరులలో ముట్టును. డాలరునకు రూపాయలు తగ్గినచో ఆ నష్టము తుదకు తోటరైతుపై బడును. హెచ్చినచో పైదేశములనుండి తెచ్చు చమురు ప్రియమై, అదే రైతు ట్రాక్టరులో పోయు డీజిలు వెల పెరుగును. ప్రభుత్వమునకు చిక్కంతయు ఇచ్చటనే యున్నది.

పూర్వము ఈ వెలను ప్రభుత్వమే నిర్ణయించెడిది. 1966 జూన్ 6న డాలరు వెలను 4.76 రూపాయలనుండి 7.50 రూపాయలకు మార్చిరి. 1991లో డాలరుల నిల్వలు అడుగంటగా బంగారమును విదేశమునకు పంపి కుదువపెట్టిరి. జూలైలో మూడు దినములలోపల రూపాయి విలువను రెండుమారులు తగ్గించిరి. 1993లో వెలను విపణికి విడిచిరి. విడిచిరన్న మాటయే గాని కళ్లెము రిజర్వు బ్యాంకు చేతిలోనిదే. డాలరు మిక్కిలి ప్రియమైనచో బ్యాంకు తన నిల్వలనుండి అమ్మును, చౌకయైనచో కొనును.

కడప జిల్లాలో జన్మించిన యాగా వేణుగోపాలరెడ్డిగారు 1997 ఆగస్టులో ఆ బ్యాంకు డిప్యూటీ గవర్నరుగా గోవాలో ప్రసంగించుచు, రూపాయి విలువ ఉండదగినదానికంటె హెచ్చుగా నున్నదని సూచించిరి. పిమ్మట రూపాయి దిగజారెను. డాలరులు కొని చేయవలసిన పనిని మాటయే చేసినది! 2003లో వారు గవర్నరైరి. అప్పుడు చిక్కు తలక్రిందులయ్యెను. డాలరులు వెల్లువగా వచ్చినవి. వానిని కొన్నకొలది దేశములో రూపాయలు పెరిగి ధరలను పెంచును గదా! కావున 2004 మొదలు ప్రత్యేక ఋణపత్రములను అమ్మి ఆ రూపాయలను మరల లోనికి లాగుకొనిరి.